పదిహేడు సరిపోతుందన్నాడు

నేను ముప్ఫై ఏళ్లపాటు టైర్లే ఉద్యోగంగా బతికాను. డాక్టరు కనబడగానే మోకాలి నొప్పి చెప్పుకొన్నట్టు, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్ల ఇళ్లకు భోజనానికి వెళ్తే ప్లేటు పట్టుకున్నవాళ్లు నా దగ్గరికొచ్చి కారు టైర్ల కష్టం చెప్పుకొనేవాళ్లు. చాలామందికి మంచి సలహాలే ఇచ్చాను. కానీ ఇప్పుడు కొత్తగా ఇంజినీర్లయిన పిల్లలు మా ఇంటికొచ్చి, "అంకుల్, మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ అచీవ్‌మెంట్ ఏంటి?" అని అడిగితే నాకు గుర్తొచ్చేది ఘనకార్యమేమీ కాదు. ఒక చక్రం ఒక కారుకు పట్టకపోవడం గుర్తొస్తుంది. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. మీలో ఒక్కరైనా ఇలాంటి పని చేయకుండా ఉంటే అంతే చాలు.

అప్పటికి డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల వ్యాపారం అంత బాగాలేదు. మాది కార్ల కంపెనీలకు పరీక్షలు చేసిపెట్టే చిన్న సంస్థ. ఆ శీతాకాలానికి ముందు మాకొక మంచి కాంట్రాక్టు వచ్చింది. ఒక పెద్ద కంపెనీవాళ్లు కొత్తగా స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెండు తలుపులు, బలమైన ఇంజను, వెనక చక్రాలకే శక్తి. వేసవిలో దాన్ని తోలుతుంటే ప్రాణం లేచివచ్చేది. అది కొన్నవాళ్లు నవంబరు రాగానే దుప్పటి కప్పి గరాజ్‌లో పెట్టేసి, మళ్లీ ఏప్రిల్‌లో తీసేవాళ్లు. చలికాలంలో కూడా తోలుకోవడానికి కంపెనీయే సరైన టైర్లూ చక్రాలూ ఒక సెట్టుగా అమ్మితే బాగుంటుందని వాళ్లకు తోచింది. ఏ సెట్టు అన్నది మేము తేల్చాలి.

ఆ కారుతో వచ్చేవి వేసవి టైర్లు. ఎండలో రోడ్డును జిగురులా పట్టుకుంటాయి. చలి ముదిరితే ఆ రబ్బరే గట్టిపడి ప్లాస్టిక్ బకెట్‌లా అయిపోతుంది. చలికాలపు టైర్ల రబ్బరు వేరు, అది చలిలోనూ మెత్తగా ఉంటుంది. ఇంతవరకూ పేచీ లేదు. వెడల్పు దగ్గర వచ్చింది పేచీ. వాళ్ల మార్కెటింగ్ మేనేజరు, చాలా తెలివైన ఆవిడ, కారుకున్న పంతొమ్మిదంగుళాల చక్రాలే ఉంచి వెడల్పాటి చలికాలపు టైర్లు వేయాలని పట్టుబట్టింది. నేను మాత్రం చక్రం పదిహేడంగుళాలకు తగ్గించి సన్నటి టైర్లు వేద్దామన్నాను. వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది, సన్నటిది మంచును కోసుకుని కింద నేలను పట్టుకుంటుంది. నేను గీయించిన బొమ్మ చూసి ఆవిడ అన్న మాటకు మన తెలుగులో సరైన పోలిక, పెళ్లికొడుకుకు హవాయి చెప్పులు తొడిగినట్టుంది అని.

ఎటూ తేలకపోయేసరికి వాళ్ల వైస్ ప్రెసిడెంటు తానే స్వయంగా వచ్చి రెండు రకాలూ తోలి చూస్తానన్నాడు. మా బాస్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఈ కాంట్రాక్టు నిలబడకపోతే మా గ్రూపులో ఇద్దర్ని ఇంటికి పంపించాల్సి వస్తుందని, అందులో ఒకరు తానేనని, రెండోవారి పేరు తాను చెప్పనక్కర్లేదని అన్నాడు.

ఇక పదిహేడంగుళాల చక్రాలు తెప్పించాలి. స్పోర్ట్స్ కార్లకు బ్రేకులు చాలా పెద్దవి, ముందువైపు మరీ పెద్దవి. చక్రం చిన్నదైతే బ్రేకుకు తగిలి తిరగదు. తెప్పించేముందు పడుతుందో లేదో చూసుకోవాలి. మా ఆఫీసులో అలాంటివి కంప్యూటర్ మీద సరిచూసేవాడు ఒక వరంగల్ అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గానీ అప్పటికే నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు. నిదానస్థుడు. నన్ను అన్నా అంటాడు, మావాళ్లకూ వాళ్లకూ రాకపోకలు ఎక్కువ. పొద్దున అతనికి ఈమెయిల్ పెట్టాను. మధ్యాహ్నం దాకా జవాబు రాలేదు. చక్రాల ఆర్డరు సాయంత్రంలోగా వెళ్లాలి. నేను టైర్లు బిగించే షాపులో ఉన్నాను, చుట్టూ యంత్రాల మోత. ఫోన్ చేశాను.

"ఏమయ్యా, పదిహేడు సరిపోతుందా?"

"మస్తు సరిపోతది అన్నా. ఇంకా జాగ గూడ మిగులుతది."

నాకు ప్రాణం కుదుటపడింది. అయినా ఇంజినీరును కదా, అక్కడితో ఆగలేదు. "చూసే చెబుతున్నావా?" అన్నాను.

"చూసిన అన్నా. పోయినసారి గూడ గిదే పెట్టినం గదా."

అంటే ఇంతకుముందు ఇంకో కారుకు ఇదే చక్రం పెట్టారన్నమాట. ఇంకా బలమైన సాక్ష్యం. ఆఖరి అనుమానం కూడా తీర్చుకున్నాను. "ముందు సరే, వెనక?"

"ముందైనా ఎనకైనా సరిపోతది. టెన్షన్ వద్దు."

ఫోన్ పెట్టేసి, ఫారంలో ఫిట్ చెక్ అన్న గడిలో టిక్ పెట్టి, పక్కన నా చేత్తో 'సరిపోతుంది, ఖాళీ మిగులుతుంది' అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాను. ఆ కాగితం జిరాక్సు ఇప్పటికీ నా దగ్గరుంది.

పరీక్ష జరగాల్సింది మిషిగన్ రాష్ట్రంలోనే, మాకినా వంతెన దాటి ఉత్తరాన ఉన్న ద్వీపకల్పంలో. అక్కడివాళ్లు దాన్ని ఇంగ్లీషు పేరు పొడి అక్షరాల్లో ముద్దుగా యూపీ అంటారు. వారం రోజులు యూపీ వెళుతున్నానని మా ఆవిడ ఫోన్లో బాపట్లలో ఉన్న వాళ్లక్కకు చెబితే, ఆవిడ కాశీ నుంచి గంగాజలం తెమ్మంది. అది వేరే యూపీ అని చెప్పడానికి మా ఆవిడకు పావుగంట పట్టింది. ఆ పావుగంట తర్వాత కూడా ఆవిడ, సరే, వీలైతేనే తెమ్మను అంది.

పరీక్షాస్థలం అడవి మధ్యలో ఉంటుంది. కింద గడ్డకట్టిన సరస్సు, దాని మీద తోలడానికి గీసిన దారులు. పక్కన వెచ్చటి గరాజ్. అక్కడినుంచి చిన్న గుట్ట మీదికి ఒక రోడ్డు, గుట్ట మీద పెద్ద అద్దాల కిటికీలతో భోజనశాల. కారునూ చక్రాలనూ ట్రక్కులో తీసుకొచ్చింది మా సీనియర్ టెక్నీషియన్. అప్పటికి ఇరవై అయిదేళ్లుగా ఆయన్ని ఎరుగుదును. ఆ ఇరవై అయిదేళ్లలో ఆయన మాట్లాడినదంతా కలిపినా ఒక పూట కబుర్లకు చాలదు.

వైస్ ప్రెసిడెంటు వచ్చేరోజు పొద్దున, చలి సున్నాకు బాగా కిందికి పోయింది. టెక్నీషియన్ నా పదిహేడంగుళాల చక్రాలు బయటికి తీశాడు. వెనకవి రెండూ వెన్నలో వేలు పెట్టినట్టు ఎక్కాయి. నేను కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన ముందు చక్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మళ్లీ పెట్టి చూపించాడు. బ్రేకుకు తగిలి టక్కుమంది. కొంచెం తిప్పి పెట్టాడు. టక్కు. ఇంకోవైపు వెళ్లి ఇంకో చక్రం పెట్టాడు. అక్కడా టక్కే.

"పడుతుందా?" అన్నాను, కళ్ల ముందు కనబడుతున్నా.

ఆయన కాసేపు ఆలోచించి, బ్రేకులు అక్కర్లేదనుకుంటే పడుతుంది అన్నాడు.

నేను గరాజ్ మూలకు వెళ్లి ఆఫీసుకు ఫోన్ చేశాను.

"పదిహేడు సరిపోతుందన్నావు కదయ్యా" అన్నాను.

"సరిపోయింది గదా అన్నా. మిగిలింది గూడ. వదిన డబ్బాల పెట్టి పంపింది మాకు."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారిగా అర్థమైంది. నేను మొదటిసారి ఫోన్ చేసిన వారం, శనివారం మా ఇంట్లో భోజనాలు. బిర్యానీ వాళ్లింట్లోంచి, వాళ్ల పెద్ద గిన్నెలో రావాలి. నేను ఫోన్ చేసిన రోజే, నాకంటే గంట ముందు మా ఆవిడ అతనికి ఫోన్ చేసి మొత్తం పదిహేడు మంది తేలారని చెప్పిందట. గిన్నె సరిపోతుందా అని నేనూ అడుగుతున్నాననుకున్నాడు. పోయినసారి కూడా ఆ గిన్నెలోనే పెట్టారు. ముందొచ్చినవాళ్లకైనా, వెనక వచ్చినవాళ్లకైనా లోటు రాదని నాకు ధైర్యం చెప్పాడు. నా ఈమెయిల్ మాత్రం మర్నాడు చూశాడు. అప్పటికే ఫారంలో నా టిక్కు ఉండేసరికి, అన్న ఎలాగో తేల్చుకున్నాడులే అని ఊరుకున్నాడు.

అతన్ని ఏమనగలను? అడిగినదానికి అన్నిటికీ సరైన జవాబే చెప్పాడు.

మాతోపాటే వచ్చిన బాస్‌కు సంగతి చెప్పాను. ఆయన మొహం బయటి మంచులాగే పాలిపోయింది. చక్రాలు అమ్మినవాళ్లు తప్పుడు సైజు పంపారని చెబుదామన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. మీరు ఇలాంటి చోట నిలబడితే తెలుస్తుంది, ఏమీ అనకపోవడం ఎంత హాయిగా ఉంటుందో.

ఇంతలో వైస్ ప్రెసిడెంటూ మార్కెటింగ్ ఆవిడా రానే వచ్చారు. ఆయన పొడుగ్గా, ఖరీదైన ఓవర్‌కోటులో, నున్నటి అడుగున్న బూట్లలో ఉన్నాడు. చిన్న ఆలస్యం ఉందని బాస్ చెప్పాడు. పర్వాలేదు, ముందు భోంచేద్దాం, కారు అక్కడిదాకా నేనే తోలతానన్నాడాయన. అప్పటికి టెక్నీషియన్ నా చక్రాలు తీసేసి, కారుతో వచ్చిన వేసవి టైర్లే మళ్లీ బిగించి ఉంచాడు. వెడల్పాటి చలికాలపు టైర్లు ఇంకా ట్రక్కులోనే ఉన్నాయి.

వేసవి టైర్లతో మంచు మీద ఎందుకు తోలకూడదో పన్నెండు పేజీలు రాసినవాణ్ని నేను. ఆ పన్నెండు పేజీలూ ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఒక్క మాట, వద్దు సార్ అంటే సరిపోయేది. కానీ పొద్దున్నించీ నేను తప్పు చేసినవాణ్ని. తప్పు చేసినవాడికి మంచిమాట చెప్పే నోరు కూడా ఉండదు. అదీగాక ఆయన, చలిలో మనం నడిపే తీరు ముఖ్యం గానీ టైర్లదేముందని, తాను డెట్రాయిట్‌లో శీతాకాలమంతా ఈ టైర్లతోనే తోలతానని చెబుతూ తలుపు తీశాడు. నేను పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. కొంచెం బిగించి పెట్టుకున్నాను.

గుట్ట సగం దాకా బాగానే ఎక్కింది. అక్కడ వెనక చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి, కారు మాత్రం ఆగింది. ఆయన యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కాడు. ఇంజను గొప్పగా గర్జించింది. తర్వాత మేము వెనక్కి జారడం మొదలుపెట్టాం. బ్రేకు తొక్కే ఉంచాడు. నాలుగు చక్రాలూ కదలకుండా బిగుసుకున్నాయి, కారు మాత్రం కదులుతూనే ఉంది. వేగం ఏమంత లేదు, మనిషి నడిచినంత. అదే ఘోరం. గబుక్కున జరిగేదైతే గబుక్కున అయిపోయేది. ఇది ఊరేగింపులా సాగింది. ఆయన స్టీరింగును అటూ ఇటూ పాత రేడియోలో స్టేషను వెతికినట్టు తిప్పుతున్నాడు. కారు ఆయన మాట వినకుండా తన ఇష్టప్రకారం మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. ఒకసారి అడవి కనబడింది, ఒకసారి సరస్సు, ఒకసారి భోజనశాల కిటికీల్లో వరసగా నిలబడి చూస్తున్న జనం.

సరిగ్గా అప్పుడే కింద నుంచి ఒక చిన్న కారు వచ్చింది. తుప్పు పట్టిన పాత కారు, ఒకవైపు అద్దానికి టేపు. తోలుతున్నది భోజనశాల వంటావిడ, అరవై ఏళ్లుంటాయి. వెనక సీటు నిండా ట్రేలు. మేము పడవలా తిరుగుతూ దిగుతున్నాం, ఆవిడ మా పక్కనుంచి నింపాదిగా ఎక్కుతోంది. పల్లెల్లో ఎదురైనవాళ్లకు చెయ్యి ఊపడం అక్కడి మర్యాద. ఆవిడ చెయ్యి ఊపింది. వైస్ ప్రెసిడెంటు కూడా, ఒక చెయ్యి స్టీరింగు మీద నుంచి తీసి, ఊపాడు.

చివరికి కారు వెనక భాగం దారి పక్కన పోగేసిన మంచులో మెత్తగా దిగబడి ఆగింది. తర్వాత ఆయన చెయ్యి చాచి పార్కింగ్ బ్రేకు వేశాడు.

నడిచి ఎక్కాం. ఆ బూట్లతో ఆయన రెండుసార్లు కూలబడ్డాడు. రెండోసారి నేను లేవదీస్తూ నేనూ పడ్డాను. భోజనశాలలో ఎవరూ నవ్వలేదు. అంత క్రమశిక్షణ నేను సైన్యంలో కూడా ఉంటుందనుకోను.

వంటావిడ అందరికీ పాస్టీలు పెట్టింది. అవి మన కజ్జికాయ ఆకారంలో, అరచేతికంటే పెద్దగా ఉంటాయి, లోపల మాంసం, బంగాళాదుంప. నేను మాంసం తిననని తెలిసి నా కోసం ఉత్త దుంపలతో ఒకటి విడిగా చేసి, గుర్తుగా పైన పిండితో సున్నా చుట్టింది. వైస్ ప్రెసిడెంటు ఆవిణ్ని ఆపి, మీ కారుకు ఏం టైర్లున్నాయని అడిగాడు. నాలుగూ చలికాలపువే, ఉన్నవాటిలో సన్నవి, చవకవి అందావిడ. మంచులో వెడల్పు కాలు తేలిపోతుందనీ, సన్నకాలు నేలను వెతుక్కుంటుందనీ వాళ్ల నాన్న చెప్పేవాడట. నా పన్నెండు పేజీల్లో ఉన్నదీ ఇదే. ఆవిడ పాస్టీ ట్రే దించకుండానే చెప్పేసింది.

మార్కెటింగ్ ఆవిడ నా వైపు తిరిగి, అయితే మీరు చెప్పిన సన్న టైర్లు ఏవీ అని అడిగింది. బల్ల చుట్టూ అందరూ నన్నే చూశారు. బాస్ గొంతు సవరించుకుని, అమ్మినవాళ్లు అంటూ మొదలుపెట్టాడు.

నేను అడ్డుపడ్డాను. ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేను. బహుశా ఆ వైస్ ప్రెసిడెంటు ఓవర్‌కోటు వెనక అంటుకున్న మంచు ఇంకా కరుగుతూ ఉండటం వల్ల కావచ్చు. నేనొక్క మాట అని ఉంటే ఆయన పడేవాడు కాదు. అమ్మినవాళ్ల తప్పేమీ లేదని, సైజు చెప్పింది నేనేనని, అది ముందు బ్రేకులకు పట్టలేదని చెప్పాను. ఎందుకు పట్టలేదో కూడా చెప్పాను. పదిహేడు, గిన్నె, ముందు, వెనక, అంతా. ఇంగ్లీషులో చెబుతుంటే అది ఇంకా అన్యాయంగా వినబడింది.

చెప్పడం అయ్యాక బాస్ కళ్లు మూసుకున్నాడు. వైస్ ప్రెసిడెంటు ఫోర్కు కింద పెట్టి, చాలా గంభీరంగా నన్ను అడిగాడు, ఆ శనివారం బిర్యానీ సరిపోయిందా అని.

"సరిపోయింది" అన్నాను. "మిగిలింది కూడా."

"అయితే మీ సిమ్యులేషన్ ఇంజినీరు పనిలో లోపమేమీ లేదు" అన్నాడాయన.

ముందు నవ్వింది టెక్నీషియన్. ఇరవై అయిదేళ్లలో ఆయన నవ్వు వినడం అదే మొదలు. తర్వాత ఎవరూ ఆగలేదు. నవ్వుల మధ్యలో వైస్ ప్రెసిడెంటు తన నిజం తానూ చెప్పేశాడు. శీతాకాలంలో ఆయన ఆ కారు ముట్టడట. భార్య తన బండిలో ఆయన్ని ఆఫీసు దగ్గర దింపి వెళుతుందట.

ఆ సాయంత్రం మంచు తుఫాను వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఆయనా మాతోపాటే రెండు రోజులు ఉండిపోవాల్సి వచ్చింది. టెక్నీషియన్ తుఫాను తగ్గగానే నాలుగు గంటలు తోలుకుంటూ వెళ్లి, ఒక డీలరు దగ్గర పద్దెనిమిదంగుళాల చక్రాలూ, వాటికి తగ్గ కాస్త సన్నటి చలికాలపు టైర్లూ తెచ్చాడు. డీలరు ఎదుటే తన సీటు కింద నుంచి కొలత టేపు తీసి చక్రాలను మూడుసార్లు కొలిచాడట. బిగించాక నేను స్వయంగా ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూశాను. నాలుగూ తిరిగాయి. ఆ కారు అదే గుట్ట ఎక్కింది, సగంలో ఆగి మళ్లీ ఎక్కింది. వెడల్పాటి పంతొమ్మిదంగుళాలవీ గుట్ట ఎక్కాయి గానీ, లోతు మంచులో పడగానే ముక్కు ఎటో తిప్పుకుని పోయాయి. మార్కెటింగ్ ఆవిడ పద్దెనిమిదంగుళాల చక్రాల చుట్టూ రెండుసార్లు తిరిగి, చెప్పులు కావు, షూసే అని ఒప్పుకుంది. సెట్టు తేలిపోయింది. మా గ్రూపులో ఎవరి ఉద్యోగమూ పోలేదు. మా ఫారంలో మాత్రం కొత్తగా ఒక గడి చేరింది, చక్రాన్ని చేత్తో తిప్పి చూసినవారి సంతకం అని.

వరంగల్ అబ్బాయి నాతో రెండు వారాలు మొహమాటంగా ఉన్నాడు. తప్పు నాదేనయ్యా అంటే, "నువ్వు రిమ్ము అని ఒక్క మాట అంటే అయిపోతుండె గదన్నా" అన్నాడు. నిజమే. టైర్ల మనిషి పదిహేడు అంటే చక్రమే అయి ఉంటుందని లోకమంతా అనుకోవాలని నా ఉద్దేశం. లోకానికి శనివారం భోజనాలు కూడా ఉంటాయి.

ఇక్కడితో ఆపితే నా పరువు కాస్తయినా దక్కేది. కానీ మొదలుపెట్టాక మొత్తం చెప్పాలి కదా. తిరుగు ప్రయాణం రోజు పొద్దున నా కారు దగ్గర సామాను సర్దుకుంటున్నాను. వంటావిడ దారిలో తినమని దుంపల పాస్టీ పొట్లం తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, వంగి నా ముందు టైరు చూసింది. జేబులోంచి ఒక నాణెం తీసి టైరు గాడిలో నిలబెట్టింది. నాణెం దాదాపు మొత్తం బయటే ఉంది. అవి ఏ కాలానికీ పూర్తిగా చెందని మామూలు టైర్లు, అవీ అరిగిపోయినవి. అన్నేళ్లలో నా సొంత కారుకు చలికాలపు టైర్లు ఒక్కసారీ కొనలేదు. ఎప్పుడూ ఈ వారం, వచ్చే వారం అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ నా మొహం చూసి, నాణెం జేబులో వేసుకుని, నాకు దారి చూపే పని మంచు తోసే ట్రక్కు డ్రైవరుకు అప్పజెప్పింది. ఆ ట్రక్కు వెనకే నత్తలా పాకుతూ మాకినా వంతెన దాకా వచ్చాను.

ఆ శనివారమే మా ఇంటికి దగ్గరున్న టైర్ల దుకాణానికి వెళ్లాను. కౌంటరు దగ్గరావిడ చాలా ఓపికమంతురాలు. చలిలో రబ్బరు ఎందుకు గట్టిపడుతుందో, నాలుగూ ఒకేసారి ఎందుకు మార్చాలో, సన్నటివి మంచులో ఎందుకు నయమో అరగంట సేపు విడమరిచి చెప్పింది. అక్కడక్కడా చిన్న పొరపాట్లున్నాయి. నేను నోరు విప్పలేదు. బిల్లు రాస్తూ, మీరేం పని చేస్తుంటారని మర్యాదగా అడిగింది.

కంప్యూటర్లు అన్నాను. మన మొహాలు చూసి ఆ మాటను ఎవరూ అనుమానించరు.